దుప్పుల కంచె కథ: కిన్నెరసాని నుంచి ఇంగ్లండు దాకా



ఈసారి పోస్టు కొంచెం పొడుగైంది. మిరప కోతలు, మక్క చేను కాపలా మధ్యలో నాలుగు రాత్రులు కూర్చుని రాసిన. తీరిక ఉన్నప్పుడే చదవండి. కానీ చివరిదాకా చదవండి, అసలు మాట చివర్లోనే ఉంది.

సంక్రాంతి సెలవులకు కూతురు, మనవడు వచ్చారు. వాడికి ఆరేళ్ళు. హైదరాబాదులో పుట్టి పెరిగాడు, అడవి అంటే టీవీలో చూసిందే. "తాతా, మీ ఊరి పక్కన అడవి ఉందన్నావు గదా, జింకలేవీ?" అని ఒకటే పోరు. మన ఏన్కూరు అడవిలో పగటిపూట జింక కనపడుతుందా? రాత్రి చేలో పడి తిని పోతే పొద్దున కనిపించేది గిట్టల గుర్తులే. అందుకని అందరం కలిసి కారు మాట్లాడుకుని జూలూరుపాడు, కొత్తగూడెం, పాల్వంచ మీదుగా కిన్నెరసానికి పోయాం.

చాలామంది చూసే ఉంటారు. చూడనివాళ్ళ కోసం చెప్తున్నా. కిన్నెరసాని వాగు మన అడవుల్లోనే పుట్టి బూర్గంపాడు దగ్గర గోదావరిలో కలుస్తుంది. దాని మీద యానంబైలు దగ్గర 1960లలో డ్యామ్ కట్టారు. పాల్వంచ కరెంటు ఫ్యాక్టరీకి నీళ్ళు కావాలి, అందుకే ముఖ్యంగా ఆ డ్యామ్. పూర్తి మట్టం 407 అడుగులు, నిండితే 8.40 టీఎంసీలు. చుట్టూ అడవి, మధ్యలో దీవుల్లాంటి గుట్టలు, నీళ్ళలో మొసళ్ళు. 1977లో ఆ చుట్టుపక్కల 635 చదరపు కిలోమీటర్ల అడవిని అభయారణ్యం చేశారు. డ్యామ్ పక్కనే డీర్ పార్కు. ఇనుప జాలీ కంచె లోపల చుక్కల దుప్పులు గుంపులు గుంపులుగా తిరుగుతుంటాయి.

మనవడు జాలీకి ముఖం ఆనించి చాలాసేపు చూశాడు. ఒక కొమ్ముల దుప్పి దగ్గరికొచ్చి వాడి చేతిని వాసన చూసి పోయింది. అప్పుడు వాడు అడిగాడు: "తాతా, ఈ కంచె దుప్పులు బయటికి పోకుండానా, మనం లోపలికి పోకుండానా?"

రెండూ అని చెప్పి తప్పించుకున్నా. కానీ ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఎందుకంటే అంతకు నాలుగు రోజుల ముందే మా పక్క చేను తమ్ముడు నా దగ్గరికొచ్చి, "అన్నా, ఇగ లాభం లేదే. మోటారు లైను నుంచి తీగ లాగి చేను చుట్టూ కరెంటు పెడ్తా. పందులు, దుప్పులు ఏది పడ్తే అది పడ్తది" అని పోయాడు. వాడి కోపం అబద్ధం కాదు. మక్క కంకి పాలు పోసుకునే వేళకు ఒక్క రాత్రిలో నాదే ఇరవై గుంటలు తొక్కి పెట్టినయి. వాడిది ఇంకా ఎక్కువ.

దుప్పికి కంచె, చేనుకు కంచె. ఈ రెండు కంచెల గొడవ మనతో మొదలైంది కాదు. దీని చరిత్ర తెలుసుకుందామని చదివిన, అడిగిన. తెలిసింది మీ ముందు పెడుతున్నా.

మొదట మన దేశం సంగతి

బుద్ధుడు మొదటిసారి ధర్మం చెప్పిన చోటు కాశీ పక్కన సారనాథ్. ఆ చోటికి పాతపేరు మృగదావం, అంటే జింకల వనం. మన జిల్లాలో నేలకొండపల్లి స్తూపం చూసినవాళ్ళకు బుద్ధుడి కథలు మన నేలకు కొత్త కాదని తెలుసు. ఆ జాతక కథల్లో జింకల వనం గురించి ఒక కథ ఉంది. అది రాజుల కథ అనుకుంటారు గానీ, నన్నడిగితే అది రైతుల కథ.

కాశీ రాజుకు వేట పిచ్చి. రోజూ వేటకు పోతూ ఊళ్ళ జనాన్ని వెంట తోలుకుపోయేవాడు. దున్నేవాడు నాగలి వదిలి, కోసేవాడు కొడవలి వదిలి రాజు వెనక డప్పులు కొడుతూ పోవాలి. వెట్టి అన్నమాట. పనులు చెడిపోతున్నాయని జనం ఒక ఉపాయం చేశారు. రాజుగారి తోటలోనే గడ్డి పెంచి, నీళ్ళు పెట్టి, అడవిలో ఉన్న జింకలన్నిటినీ చుట్టుముట్టి ఆ తోటలోకి తోలి తలుపు వేశారు. "అయ్యా, మీ జింకలు మీ ఇంట్లోనే ఉన్నాయి, మమ్మల్ని మా పని చేసుకోనీయండి" అన్నారు. అంటే ఆ కథలో జింకల పార్కు కట్టింది రాజు కాదు, వెట్టి తప్పించుకోవడానికి రైతులే కట్టారు.

తర్వాత చూలు జింక వంతు వచ్చినప్పుడు జింకల రాజు తన తల పెట్టడం, అది చూసి రాజు మనసు మారి అన్ని జంతువులకూ అభయం ఇవ్వడం చాలామందికి తెలిసిన కథే. చాలామంది చెప్పకుండా వదిలేసేది దాని తర్వాతి ముక్క. అభయం దొరికిన జింకలు చేలలో పడి పైరు తినడం మొదలుపెట్టాయి. రాజాజ్ఞ ఉంది కాబట్టి రైతు కొట్టలేడు. రైతులంతా పోయి రాజుకు మొరపెట్టుకున్నారు. రాజు నేను మాట తప్పను అన్నాడు. అప్పుడు జింకల రాజే తన మందను పిలిచి, ఇకమీదట పైరు ముట్టవద్దని చెప్పి, రైతులకు కబురు పెట్టాడు: మీరు కంచె కట్టక్కర్లేదు, చేను చుట్టూ ఆకులు కట్టి గుర్తు పెట్టండి చాలు, మావాళ్ళు దాటరు అని.

కథ కాబట్టి ఆకులతో సరిపోయింది. మన దుప్పులకు ఆ కబురు ఇంకా అందినట్టు లేదు. కానీ రెండు వేల ఏళ్ళకు పైబడిన కథలోనే ఈ లెక్క ఉంది చూడండి. జంతువుకు అభయం ఇచ్చేది రాజు, దాని ఖర్చు పెట్టుకునేది చేను గలవాడు.

కౌటిల్యుడి అర్థశాస్త్రంలో కూడా రాజు విహారం కోసం ఒక మృగవనం ఎట్లా చేయాలో ఉంది. చుట్టూ కందకం, లోపలికి ఒకటే దారి, తీపి పండ్ల చెట్లు, ముళ్ళ చెట్లు ఉండకూడదు, పులి ఉంటే గోళ్ళూ కోరలూ తీసేసి ఉండాలి. రాజు వేట సరదాకు ఎంత ఏర్పాటో.

ఇంగ్లండు కందకం

మా మేనమామ మనవడు లండన్ దగ్గర చదువుకుంటున్నాడు. కిన్నెరసాని ఫొటోలు పెడితే చూసి, "పెదనాన్నా, మా రూముకు దగ్గర్లో కూడా ఒక దుప్పుల పార్కు ఉంది, చూపిస్తా" అని ఆదివారం వీడియో కాల్ చేశాడు. దాని పేరు రిచ్మండ్ పార్కు. మొత్తం తిప్పి చూపించాడు. మంచు పట్టిన గడ్డి, వందల ఏళ్ళ ఓక్ చెట్లు, వాటి కింద ఎర్ర దుప్పులు, ఇంకో రకం చుక్కల దుప్పులు. ఆ రెండో రకాన్ని ఫాలో దుప్పులంటారట. మన దుప్పికి కొమ్ము కొమ్మలు కొమ్మలుగా ఉంటే, దానికి చివర అరచేయిలాగా వెడల్పుగా ఉంటుంది. అన్నీ కలిపి ఆరు వందలకు పైనే. నేను ఇక్కడ మంచె మీద కూర్చుని, వాడు అక్కడ చలిలో నిలబడి, ఇద్దరం దుప్పుల గురించే మాట్లాడుకున్నాం.

ఆ దేశంలో దుప్పుల పార్కుల చరిత్ర చాలా పెద్దది. 1066లో ఫ్రాన్సు వైపు నార్మండీ నుంచి విలియం అనే రాజు వచ్చి ఇంగ్లండును గెలిచాడు. అతనికి వేటంటే ప్రాణం. పెద్ద పెద్ద ప్రాంతాలను రాజుగారి అడవి అని ప్రకటించాడు. అడవి అంటే చెట్లున్న చోటనే కాదు, ఊళ్ళు, పొలాలు కూడా అందులో పడ్డాయి. ఆ హద్దులో దుప్పిని చంపితే కళ్ళు తీయించేవాడని ఆ కాలపువాళ్ళే రాసిపెట్టారు. రైతు తన సొంత చేను చుట్టూ దుప్పి రాకుండా ఎత్తు కంచె కట్టుకోవడానికి కూడా లేదు, రాజు దుప్పి మేతకు అడ్డం వస్తుంది కాబట్టి.

రాజును చూసి దొరలు, మఠాలవాళ్ళు కూడా మాకూ దుప్పులు కావాలన్నారు. అట్లా పుట్టినవే డీర్ పార్కులు. 1300 నాటికి ఆ చిన్న దేశంలో మూడు వేల దాకా ఉన్నాయని చరిత్రకారుల లెక్క. కట్టే పద్ధతి మన రైతు కన్నుతో చూస్తే బాగా అర్థమవుతుంది. మనం చేనుకు కందకం తీస్తే బయటి వైపు తీసి మట్టి లోపలి వైపు పోస్తాం, జంతువు లోపలికి రాకుండా. వాళ్ళు తిరగేశారు. కందకం లోపలి వైపు, కట్ట బయటి వైపు, కట్ట మీద ఓకు చెక్కల కంచె. లోపలి దుప్పి ఎగరాలంటే గుంటలోంచి కట్ట మీదికి, ఆ పైన కంచె మీదికి ఎగరాలి. ఎగరలేదు.

కొన్ని పార్కులకు ఇంకో ఉపాయం ఉండేది. కంచెకు ఒక చోట బయటి వైపు నుంచి మట్టి ఏటవాలుగా పోసి లోపల లోతు గుంట పెట్టేవాళ్ళు. బయటి దుప్పి తేలిగ్గా లోపలికి దూకుతుంది, మళ్ళీ బయటికి రాలేదు. మన చేపల మావు ఎట్లా ఉంటుందో అట్లా. రాజు దుప్పులు దొరల పార్కుల్లో పడి పోతుంటే రాజుకు మండదా? అందుకే ఆ దూకుడు గుంట పెట్టుకోవాలంటే రాజు అనుమతి తీసుకోవాలని నియమం. కంచె ఒకటే, కానీ ఏ వైపు నుంచి దాటొచ్చో అది కట్టినవాడే నిర్ణయిస్తాడు. నా మనవడి ప్రశ్నకు జవాబు ఇదేనని నాకప్పుడు తట్టింది.

మరి అక్కడి రైతులు ఊరుకున్నారా? ఊరుకోలేదు. 1215లో దొరలంతా కలిసి రాజు మెడలు వంచి మాగ్నా కార్టా అనే ఒప్పందం రాయించుకున్నారని మనం ఇంటర్‌లో చదువుకున్నదే. దాని తర్వాత 1217లో ఇంకో కాగితం వచ్చింది. దాన్ని అడవి హక్కుల పత్రం అనొచ్చు. అప్పటి రాజు మూడో హెన్రీ పదేళ్ళ పిల్లవాడు, అతని పేరు మీద పెద్దలు ఇచ్చారు. అందులో ఏముందంటే, దుప్పిని చంపినందుకు ఇకమీదట ఎవరి ప్రాణం, అవయవం తీయకూడదు. జరిమానా వేయొచ్చు, కట్టలేకపోతే ఏడాది మీద ఒక రోజు జైలు. అడవి హద్దులో ఉన్న తన భూమిలో స్వేచ్ఛాపరుడైన రైతు చెరువు తవ్వుకోవచ్చు, కాలువ తీసుకోవచ్చు, దున్నుకోవచ్చు, పందుల్ని అడవిలో మేపుకోవచ్చు. మాగ్నా కార్టా దొరల కోసమైతే, ఇది ఊళ్ళలో బతికేవాళ్ళకు పనికొచ్చిన కాగితం.

కానీ కాగితం వస్తే అంతా అయిపోలేదు. ఐదు వందల ఏళ్ళ తర్వాత 1723లో అక్కడి పార్లమెంటే ఇంకో చట్టం తెచ్చింది. దుప్పుల పార్కులు పెట్టి దొరలు తమ మేత, కట్టెలు తీసుకుంటున్నారని కడుపు మండినవాళ్ళు కొందరు ముఖాలకు మసి పూసుకుని రాత్రిపూట పోయి దుప్పుల్ని చంపేవాళ్ళు. దాన్ని అణచడానికి నల్ల చట్టం అని పేరుపడ్డ శాసనం చేసి, ముఖానికి మసి పూసుకుని ఆయుధంతో పార్కులో దొరికినా ఉరే అన్నారు. అది పోవడానికి వంద ఏళ్ళు పట్టింది, 1823 దాకా. మసి పూసుకున్న కోపం వల్ల రైతుకు వచ్చింది ఏమిటంటే ఉరితాడు. ఈ ముక్క గుర్తు పెట్టుకోండి.

రిచ్మండ్ గోడకు వేసిన నిచ్చెన

ఇప్పుడు మావాడు చూపించిన రిచ్మండ్ పార్కు దగ్గరికి వద్దాం. 1637లో మొదటి ఛార్లెస్ రాజు అక్కడ దాదాపు 2,360 ఎకరాలకు చుట్టూ ఎనిమిది మైళ్ళ ఇటుక గోడ కట్టించాడు. అందులో ఊరి ఉమ్మడి భూములు, రైతుల పొలాలు పోయాయి. డబ్బులిచ్చాడు, కానీ ఇష్టం లేనివాళ్ళు కూడా ఇవ్వాల్సి వచ్చింది. అయితే ఒక మాట ఒప్పుకున్నాడు, లోపలి పాత బాటల మీద జనం నడిచి పోవచ్చని.

వంద ఏళ్ళు గడిచాక, 1751లో రాజు కూతురు అమీలియా ఆ పార్కు అధికారి అయ్యింది. ఆమె గేట్లు మూసేసి, తనకు తెలిసిన కొందరికి మాత్రమే చీటీలు ఇచ్చింది. మిగతావాళ్ళంతా చుట్టూ తిరిగి పోవాల్సిందే. అక్కడ జాన్ లూయిస్ అని ఒక సారా కాచే వ్యాపారి ఉండేవాడు. బీరు కాచేవాడు అంటే ఇంకా సరి. దొర కాదు, ఎంపీ కాదు. అతను గేటు దగ్గరికి పోయి లోపలికి పోతానన్నాడు. కాపలా మనిషి తోసేసింది. అతను రాయి తీసుకోలేదు, మసి పూసుకోలేదు. కోర్టుకు పోయాడు. ఈ బాట మా తాతల నాటి నుంచి నడిచిన బాట అని సాక్ష్యాలు పెట్టాడు.

1758లో కేసు గెలిచాడు. జడ్జి అడిగాడట, నీకు నడిచి పోవడానికి గేటు కావాలా, గోడ ఎక్కి దిగే నిచ్చెన కావాలా అని. మనమైతే గేటే అడుగుతాం. లూయిస్ నిచ్చెన అడిగాడు. ఎందుకంటే గేటు పెడితే దుప్పులు బయటికి పోతాయని మూసి పెడతారు, మూసిన గేటుకు రేపు గొళ్ళెం వేస్తారు, ఎల్లుండి తాళం వేస్తారు. నిచ్చెనకు తాళం వేయలేరు. దుప్పి నిచ్చెన ఎక్కలేదు, మనిషి ఎక్కగలడు. వాళ్ళ దుప్పులు వాళ్ళకు ఉంటాయి, మన బాట మనకు ఉంటుంది.

పార్కువాళ్ళు కడుపుమంటతో నిచ్చెన మెట్లు దూరం దూరంగా పెట్టారట, పిల్లలు, ముసలమ్మలు ఎక్కలేకుండా. లూయిస్ మళ్ళీ జడ్జికి చెప్పుకున్నాడు. జడ్జి కూడా పెద్ద వయసువాడే, అది తానూ చూశానని, ముసలివాళ్ళు కూడా ఎక్కగలిగేట్టు కట్టించమని చెప్పాడు. ఇవ్వాళ మావాడు టికెట్టు లేకుండా ఆ పార్కులో తిరుగుతూ నాకు దుప్పుల్ని చూపిస్తున్నాడంటే, మొదటి మెట్టు ఆ బీరు వ్యాపారి వేయించిందే.

మన నిజాం వనం, మన అడవి

మనం ఖమ్మం నుంచి సూర్యాపేట మీదుగా హైదరాబాదు బస్సులో పోతుంటే, హయత్‌నగర్ దాటినాక వనస్థలిపురం వస్తుంది. అక్కడే మహావీర్ హరిణ వనస్థలి ఉంది, మూడున్నర వేల ఎకరాలకు పైనే. అది ఒకప్పుడు నిజాం నవాబు వేటాడిన చోటు. 1975లో, జైనుల మహావీరుడు నిర్వాణం పొంది 2,500 ఏళ్ళయిన సందర్భంగా ఆయన పేరుతో జింకల వనం చేశారు. 1994లో జాతీయ పార్కు అయింది. అక్కడ ఉన్నవి కృష్ణజింకలు, మన పెద్దలు ఇర్రి అనేవి. మెలితిరిగిన కొమ్ములు, నల్ల వీపు, తెల్ల పొట్ట. వేట చోటుకు అహింస చెప్పిన మహావీరుడి పేరు పెట్టడం నాకు బాగా నచ్చింది. హైదరాబాదు పెరిగి పెరిగి చుట్టూ ఇళ్ళు వచ్చినా ఆ గడ్డి మైదానం మిగిలిందంటే, ఒకప్పుడు నవాబు దాన్ని తన వేట కోసం అట్టిపెట్టుకోబట్టే. చరిత్ర ఎప్పుడూ ఒకవైపే ఉండదు.

అయితే అదే నిజాం కాలంలో అడవిలో బతికేవాళ్ళ గతి ఏంటో కూడా చెప్పాలి. మన ఏన్కూరు వైపంతా నిజాం రాజ్యం. గోదావరి అవతల భద్రాచలం తాలూకా ఇంగ్లీషోళ్ళ మద్రాసు రాష్ట్రంలో ఉండేది, 1959లో గానీ మన జిల్లాలో కలవలేదు. ఏరుకు ఈ ఒడ్డున ఒక సర్కారు, ఆ ఒడ్డున ఒక సర్కారు. కానీ అడవి చట్టం అంటే రెండు వైపులా ఒకటే అర్థం, నిన్నటిదాకా నీది, ఇవ్వాళ నుంచి సర్కారుది. అవతల 1882లో మద్రాసు అడవి చట్టం వచ్చింది. కట్టె తెచ్చుకోవడం, పోడు కొట్టుకోవడం నేరమైంది. మన్యంలో 1922 నుంచి 1924 దాకా అల్లూరి సీతారామరాజు పోరాటం వెనక ఉన్న కోపాల్లో ఈ అడవి నిబంధనలు కూడా ఉన్నాయి. ఇవతల ఆదిలాబాదు వైపు కుమ్రం భీం 1940లో జోడేఘాట్ దగ్గర ప్రాణం ఇచ్చాడు. జల్, జంగల్, జమీన్ అన్న మాట మనందరికీ ఆయన పేరుతోనే తెలుసు.

స్వాతంత్ర్యం వచ్చాక 1972లో వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చింది. దొర లేదు, నవాబు లేదు, ఎవరూ సరదా వేట ఆడకూడదు. అది మంచి చట్టమే, అది లేకపోతే ఈపాటికి నా మనవడికి దుప్పిని బొమ్మల్లో చూపించాల్సి వచ్చేది. 2014లో తెలంగాణ వచ్చినాక మన రాష్ట్ర జంతువుగా జింకనే పెట్టుకున్నాం. మనుషుల సంగతి మాత్రం చాలా ఆలస్యంగా వచ్చింది. 2006లో అటవీ హక్కుల చట్టం చేశారు. 2005 డిసెంబరు 13 నాటికి సాగులో ఉన్న గిరిజనులకు హక్కు, గిరిజనేతరులైతే మూడు తరాలు అంటే 75 ఏళ్ళు అక్కడ ఉన్నట్టు చూపాలి. ఇంగ్లండు రైతుకు 1217లో వచ్చిన కాగితంలాంటిది మనకు 2006లో వచ్చింది. కాగితం వచ్చినా మెట్లు ఎక్కగలిగేంత దగ్గరగా ఉన్నాయా లేదా అని లూయిస్‌లాగా మనమే చూసుకోవాలి.

ఇక అసలు మాట

ఇంత చరిత్ర ఎందుకు చెప్పానంటే పక్క చేను తమ్ముడి కోసం. వాడికి ఇదంతా చెప్పేముందు ఇంకో సంగతి చెప్పిన. ఇప్పటిదాకా ఎవరికీ బయట చెప్పుకోలేదు, ఇక్కడే మొదటిసారి రాస్తున్నా.

పద్నాలుగేళ్ళ కింద నేను కూడా కరెంటు తీగ పెట్టిన. పత్తి చేలో పందులు పడుతున్నాయని కోపం. మోటారు స్టార్టరు నుంచి నేరుగా తీగ లాగి గట్టు చుట్టూ మోకాలెత్తున కట్టిన. రాత్రి పదికి వేసి తెల్లారగట్ల నాలుగుకు తీసేవాడిని. మూడో రాత్రి నా ఎడ్ల జతలో ఎర్ర ఎద్దు పలుపు తెంపుకుని చేను వైపు పోయింది. పొద్దున చూస్తే తీగ మీద పడి ఉంది. దూడ నుంచి నా చేతుల మీద పెంచిన ఎద్దు. ఆ బాధ ఒక ఎత్తు. ఆ రోజు మా నాయనకు జ్వరం. జ్వరం లేకపోతే రోజూ మూడింటికే లేచి గట్టు మీద నడిచే మనిషి ఆయన. నేను తీగ పెట్టిన సంగతి ఆయనకు చెప్పలేదు, తిడతాడని. ఎద్దును చూసి మా నాయన ఒక్క మాట కూడా అనలేదు. తీగ చుట్టి నా చేతికిచ్చి పోయాడు. ఆయన పోయి ఆరేళ్ళయింది. ఆ తీగ చుట్ట ఇప్పటికీ కొట్టంలో ఉంది, వాడబుద్ధి కాదు, పారేయబుద్ధి కాదు.

తమ్ముడికి ఇది చెప్పి అన్నా, "కరెంటు తీగకు పంది ఎవరో, దుప్పి ఎవరో, మీ అయ్య ఎవరో తెల్వదురా." పేపర్లో ఏటేటా చూస్తూనే ఉన్నాం. తీగ పెట్టిన చేలో తీగ పెట్టినవాడే పోవడం, పక్క రైతు పోవడం, కూలికి పొద్దున్నే వచ్చిన ఆడమనిషి పోవడం. బతికినవాడికి జైలు. దుప్పి పడితే వన్యప్రాణి కేసు, మనిషి పడితే ఇంకా పెద్ద కేసు. మసి పూసుకున్నవాళ్ళకు ఏం వచ్చిందో పైన రాసిన గదా, అదే.

మరి చేను ఎట్లా కాపాడుకోవాలి? నాకు తెలిసింది చెప్తా.

సోలార్ కంచె అంటే చాలామంది అదీ కరెంటే గదా అంటారు. తేడా ఉంది. మోటారు లైనులో 230 వోల్టుల కరెంటు ఆగకుండా వస్తుంది, పట్టుకుంటే వదలదు. సోలార్ కంచెలో పెట్టె ఒకటి ఉంటుంది, అది సెకనుకు ఒకసారి, రెప్పపాటులో పదో వంతు కూడా లేని చిన్న దెబ్బ పంపి ఆగుతుంది. జంతువు ఉలిక్కిపడి వెనక్కి పోతుంది, చావదు. కానీ కంపెనీ పెట్టె, సరైన ఎర్తు ఉంటేనే అది సోలార్ కంచె. పెట్టె తీసేసి మోటారు లైను తగిలించారంటే అది మళ్ళీ ఉరితాడే. తీగకు గడ్డి తగలకుండా కోసుకోవాలి, లేకపోతే దెబ్బ తగ్గిపోతుంది.

ఒక్కడికి ఖర్చు ఎక్కువ. అడవి అంచున వరుసగా చేలున్న నలుగురైదుగురు కలిసి ఒకటే కంచె వేసుకుంటే పొడవు చాలా తగ్గుతుంది. విడివిడిగా వేస్తే మధ్య గట్లకు కూడా తీగ కావాలి, కలిసి వేస్తే బయటి హద్దుకే చాలు. మేం అదే అనుకుంటున్నాం.

పంట పోతే పరిహారం అడగడం మన హక్కు. పోయిన ఏడాది నేను ఒక ఆఫీసుకు మూడుసార్లు తిరిగిన, ఫొటోలు లేవని తిప్పి పంపారు. తప్పు కొంత నాది కూడా. అందుకని ఈసారి పొద్దున్నే, తొక్కినవి సర్దకముందే, గిట్టల గుర్తులు కనపడేట్టు తేదీతో ఫొటోలు తీసిన. పట్టా పాసుబుక్కు నకలు, దరఖాస్తు రెండు ప్రతులు, ఒక ప్రతి మీద ముట్టినట్టు సంతకం, ముద్ర వేయించుకున్నా. ఊరి నుంచి పదిమంది ఒకేసారి ఇస్తే పక్కన పెట్టలేరు. మెట్లు దూరంగా ఉన్నాయని లూయిస్ ఇంటికి పోయి పడుకోలేదు, మళ్ళీ పోయి చెప్పాడు.

తమ్ముడు ఆ రోజు ఏం మాట్లాడలేదు. మర్నాడు రాత్రి మంచె దగ్గరికి వచ్చి, "అన్నా, ఇయ్యాల నువ్వు పండుకో, నేను చూస్తా, రేపు నువ్వు చూడు" అన్నాడు. తీగ పెట్టలేదు. ఇప్పుడు రోజు మార్చి రోజు కాపలా కాస్తున్నాం. డబ్బా కొడుతుంటే అప్పుడప్పుడు టార్చిలైటు వెలుగులో దుప్పి కళ్ళు మెరుస్తాయి. పోతుంది, మళ్ళీ వస్తుంది. అడవిలో నీళ్ళు, మేత తగ్గితే అది ఎక్కడికి పోతుంది, చేనుకే వస్తుంది. అదీ బతకాలి, మనమూ బతకాలి.

మనవడు హైదరాబాదు పోయాక ఫోనులో మళ్ళీ అడిగాడు, కంచె ఎవరి కోసం తాతా అని. ఈసారి తప్పించుకోలేదు. "కట్టినోడి కోసం రా నాయనా. అందుకే మన కంచె మనమే, అందరం కలిసి, ఎవరూ చావకుండా కట్టుకోవాలె" అని చెప్పిన. వాడికి ఎంత అర్థమైందో తెలియదు. "దుప్పికి నిచ్చెన పెట్టొద్దు తాతా" అన్నాడు. నవ్వుకున్నా.

మీ చేల దగ్గర ఏ జంతువు ఎక్కువ పడుతుంది, మీరు ఏం చేస్తున్నారు, ఏది పనిచేసింది, ఏది పనిచేయలేదు రాయండి. సోలార్ కంచె వేసినవాళ్ళు ఉంటే ఎకరానికి ఎంతయిందో, ఎన్నేళ్ళు వస్తుందో తప్పకుండా చెప్పండి, మాకు పనికొస్తుంది. మోటారు లైను నుంచి తీగ లాగినవాళ్ళు మీకు తెలిసి ఎవరైనా ఉంటే, ఈ పోస్టు వాళ్ళకు చదివి వినిపించండి. తిట్టకండి, పక్కన కూర్చుని చదవండి.

ఉంటా మరి. కాపలాకు టైమయింది.